మూడు గీతల దూరం

షేవింగ్ బ్రష్‌తో వల్లీ బల్ల మీది మసి దులుపుతోంది. కోతకు ముందు చెరకు తోటలకు నిప్పు పెడతారు కాబట్టి, మిల్లు ఆడినన్నాళ్లూ డర్బన్‌కు ఉత్తరాన ఉన్న డార్నల్ ఊరి మీద నల్లటి నూగులా మసి రాలుతూనే ఉంటుంది. కిటికీ ఎంత బిగించినా తెల్లారేసరికి బల్ల మీద పలచటి పొర కడుతుంది. ముందు బ్రష్, తర్వాత తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ. అప్పుడు సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టి, అది కాగేలోపు కళ్లజోడుకి తగిలించుకునే భూతద్దాన్ని కొంగుతో తుడుచుకుంటుంది. శనివారమైనా ఇంతే. ఇంటి దగ్గర పదహారు రోటీలు కాల్చి, పప్పు ఉడకబెట్టి వచ్చాకే ఈ పని మొదలవుతుంది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి. ఏళ్ల తరబడి ఒకే బల్ల మీదికి వంగి కూర్చోవడంతో భుజాలు ముందుకు వాలిపోయి అక్కడే నిలిచిపోయాయి. చీర మీద నీలం రంగు ఫ్యాక్టరీ కోటు వేసుకుంటుంది. జేబు మీద కుట్టిన కంపెనీ పేరును ఆమే బ్లేడుతో విప్పేసింది కానీ సూది చిల్లులు మాత్రం పోలేదు.

డర్బన్‌లో, జేకబ్స్ వైపున్న ఒక రేడియోల ఫ్యాక్టరీలో ఆమె ఇరవై ఆరేళ్లు పనిచేసింది. ప్రతి రేడియోలోనూ చిటికెన గోరంత కాయిల్స్ ఉంటాయి. వాటి నడుమనున్న మరముక్కను ప్లాస్టిక్ పుల్లతో వెంట్రుకవాసి తిప్పితే స్టేషన్ దగ్గరికొస్తుంది, ఇంకో వెంట్రుకవాసి తిప్పితే జారిపోతుంది. కుదిరిన చోట కదలకుండా ఒక చుక్క మైనం వేయాలి. ఎవరి మైనం వాళ్లది. వల్లీది ఆకుపచ్చ, పక్క బల్ల మీది వీరాది పసుపు. చివర్లో పరీక్షించి సంతకం పెట్టే కుర్చీ తెల్లవాళ్లది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు రోజుకు రెండు మూడుసార్లు లేచొచ్చి, అనుమానంగా ఉన్న సెట్టును వల్లీ చెవి దగ్గర పెట్టేవాడు. ఆమె తల ఊపాక తిరిగి వెళ్లి తన పేరు రాసుకునేవాడు.

డర్బన్‌లో అవోకా పేటకు బస్సు నడిపే భర్త సిడ్నీ ఎనభై ఎనిమిదిలో పోయాడు. పిల్లలు లేరు. తొంభై రెండులో బయటి దేశాల సరుకు వచ్చిపడి ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడే అక్క కొడుకు ప్రెగ్గీ కారేసుకుని వచ్చి, ఒక ట్రంకుపెట్టెతో ఆమెను డార్నల్‌లో తన ఇంటికి తీసుకొచ్చాడు. ఊళ్లో అతనిది రేడియోల కొట్టు.

ప్రెగ్గీ మంచివాడు. నలభై దాటిన భారీ మనిషి, నవ్వితే కౌంటరు ఊగుతుంది. అమ్మడం వచ్చు, కొనడం వచ్చు, రేడియో మూత తీయడం మాత్రం ఇష్టముండదు. ఈ మూడేళ్లలో తెల్ల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేసి ఆస్ట్రేలియాకు పోతూ పాత జపాన్ హైఫై సామాను అమ్మేస్తుంటే, వాటిని తెచ్చి బాగుచేయించి అమ్మడంలో అతనికి పేరొచ్చింది. ప్రెగ్గీ చెయ్యి పడితే ట్యూనర్ కొత్తగా పాడుతుందని ఉత్తర తీరమంతా అనుకుంటారు. ఆ చెయ్యి ఎవరిదో అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, అతనికి తోచలేదు. వల్లీ కూడా అడగలేదు.

ఆ శనివారం మాత్రం ఆమె పొద్దుట్నుంచీ రెండుసార్లు వీధి గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చింది. డర్బన్ శివారు రెడ్‌హిల్ నుంచి ఒకాయన మూడు ట్యూనర్లు తెస్తున్నాడు. ట్యూనర్ అంటే స్పీకర్ లేని రేడియో. గాల్లోంచి స్టేషన్‌ను పట్టి, పక్కనున్న ఆంప్లిఫయర్‌కు శుభ్రంగా అందించడమే దాని పని.

ఇదివరకు గాలి అంతా సర్కారుదే. పోయినేడు ఏప్రిల్‌లో వల్లీ తెల్లవారుజాము నుంచి వరసలో నిలబడి జీవితంలో మొదటిసారి ఓటేసింది. ఆ తర్వాత మారినవాటిలో ఇదొకటి. మామూలు జనం కూడా రేడియో స్టేషన్ పెట్టుకోవచ్చన్నారు. రెడ్‌హిల్‌లో ఒక హాలు మీది గదిలో అలాంటిది ఒకటి మొదలైంది. ఉద్యోగాల కబుర్లు, తప్పిపోయిన పిల్లల కబుర్లు, రోజుకు మూడుసార్లు చావు కబుర్లు ఇంగ్లీషులోనూ జులూలోనూ చదువుతారు. దాని బలం చిన్నది, డార్నల్ దాకా అందదు. ఊరి గుట్ట మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఇంకో చిన్న ట్రాన్స్‌మిటర్ పెడితే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వినిపిస్తుంది. అయితే దానికి పలుకు అందించడానికి, డెబ్బై కిలోమీటర్ల అవతలున్న రెడ్‌హిల్‌ను ఇక్కడ ఒక ట్యూనర్ మచ్చ లేకుండా పట్టాలి. చిక్కేమిటంటే, ముల్లు తిరిగే అద్దం మీద ఆ స్టేషన్‌కు మూడు గీతల దూరంలోనే ఒక పెద్ద సర్కారు స్టేషన్ ఉంది. అది కేక వేస్తే ఇది గుసగుస.

ట్రాన్స్‌మిటర్ ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం మూడున్నరకు కమిటీ కూర్చుంటుంది. గంటసేపు తెగకుండా వినబడిందని ఆలోపు ఫోన్ వస్తే డార్నల్‌కు ఇస్తారు, లేకపోతే దక్షిణ తీరంలో ఇంకో ఊరికి.

వల్లీకి ఇందులో సొంత లెక్క ఒకటుంది. జూన్‌లో వీరా పోయింది. పందొమ్మిదేళ్లు మోచెయ్యి మోచెయ్యి తగిలేలా పక్కన కూర్చున్న మనిషి. మర్నాడే దహనం అయిపోయింది. ఆ కబురు డార్నల్ చేరేసరికి పదకొండు రోజులైంది.

తొమ్మిదింటికి తెల్ల టొయోటా వచ్చి ఆగింది. దిగినవాడు గిరిధరరావు. కాకినాడ నుంచి వచ్చి ఏడాదయింది, డర్బన్‌లో టెక్నికల్ కాలేజీలో పాఠాలు చెబుతాడు, సెలవు రోజుల్లో స్టేషన్‌కు ఇంజనీరు. సన్నటి మనిషి, చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. దుప్పట్లలో చుట్టిన మూడు పెట్టెలను ఒక్కొక్కటే పసిపిల్లల్లా మోసుకొచ్చి కౌంటర్ మీద పెట్టి, ప్రెగ్గీకి ఇంగ్లీషులో ఒక్కో దాని గుణం వివరించసాగాడు. ప్రెగ్గీ ప్రతి మాటకూ తలాడించాడు. ఇంతలో తలుపులోంచి ఒక మసిరేక తేలుతూ వచ్చి వెండి రంగు ముఖమున్న ట్యూనర్ మీద వాలింది.

"అయ్యయ్యో, మసి" అన్నాడు గిరిధరరావు తనలో తాను.

లోపలి గది గుమ్మంలో నిలబడ్డ వల్లీ గబుక్కున అంది. "సేత్తో తుడవొద్దు బాబూ. ఊదెయ్యి. తుడిస్తే మరకవుతాది."

అతను తలెత్తి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "మీకు తెలుగు వచ్చా అమ్మా?"

"కొంచిం కొంచిం. మాయమ్మ మాట్టాడేది. మాయమ్మ పోయినాక ఎవురితో మాట్టాడతాను?"

తన భాష ఎలా వినబడిందోనని ఆమెకు సిగ్గేసింది. కానీ అతను నవ్వలేదు. మా నాయనమ్మ ఇలాగే మాట్లాడేదన్నాడు. ఆ తర్వాత ఆమె చూపు ఎక్కడుందో గమనించాడు. అది అతని మీద లేదు, ట్యూనర్ల మీద ఉంది. ప్రెగ్గీ భుజాలెగరేసి, అసలు పనంతా పిన్నిదేనని తేలిగ్గా చెప్పేశాడు. మూడేళ్లలో ఆ మాట అతని నోటినుంచి రావడం అదే మొదలు. అందులో విశేషమేమీ ఉన్నట్టు అతనికి తెలియనే లేదు.

మూడింటినీ లోపలి బల్ల మీదికి చేర్చారు. వల్లీ వాటికి పేర్లు పెట్టుకుంది. చెక్క పెట్టెలో వెండి ముఖంతో బరువుగా ఉన్నది దొర. మూత తీస్తే లోపల ఐదు వరసల అల్యూమినియం రేకులు విసనకర్రల్లా తెరుచుకుని మూసుకునేవి. రెండోది నల్లగా సన్నగా ఉంది, ఆకుపచ్చ అంకెలు వెలుగుతాయి. మెట్టు తర్వాత మెట్టే గానీ మధ్యలో ఎక్కడా నిలవదు. అందుకని అది క్లర్కు. మూడోదాన్ని దుప్పటిలోంచి తీయగానే పోల్చుకుంది. తన ఫ్యాక్టరీలో చేసిందే. మరలు విప్పి చూస్తే కాయిల్స్ నెత్తిన ఆకుపచ్చ మైనం. తను ముప్పై ఏడేళ్ల వయసులో వేసిన చుక్కలు అలాగే ఉన్నాయి.

ప్రెగ్గీని కొట్టు కప్పు మీదికి ఎక్కించారు. అతను రెండు చేతులతో యాంటెన్నా గొట్టం పట్టుకుని దక్షిణం వైపు తిప్పుతుంటే రేకులు గణగణలాడాయి.

"పిన్నీ, ఇటా, అటా?" అని అరిచాడు. వాళ్లిద్దరి మధ్య మాట ఎప్పుడూ ఇంగ్లీషే.

"అటు. ఇంకొంచిం. ఒగ్గెయ్, ఇంక ముట్టుకోకు."

ముందు దొరకు తీగ తగిలించారు. వల్లీ కళ్లు మూసుకుని పెద్ద మీట తిప్పింది. బుసబుసలోంచి ఒక ఆడగొంతు పైకి తేలింది. రెడ్‌హిల్. ఆ గొంతులో తేనె ఉంది, కానీ దాని వెనకాల, గోడ అవతల పెళ్లి జరుగుతున్నట్టు, సర్కారు స్టేషన్ డప్పులు కొడుతోంది. తర్వాత క్లర్కు. డప్పుల్ని బయటికి నెట్టేసింది గానీ గొంతు మీద ఇసుక పోసినట్టు ఒకటే హోరు. గిరిధరరావు రెండింటి మీటర్లూ చూసి నోటు పుస్తకంలో అంకెలు రాసుకున్నాడు.

మూడోది పెట్టేసరికి అతని ముఖం వికసించింది. బలహీనమైన స్టేషన్‌ను పట్టడంలో అది మిగతా రెంటికీ తీసిపోలేదు. డప్పులు కూడా అంతగా లేవు. ఇదే సరిపోతుందేమోనన్నాడు. వల్లీ గడియారం చూసింది. గ్లాసుడు నీళ్లు తాగింది. ఇరవై నిమిషాలు గడిచేసరికి పెట్టె వేడెక్కి, గొంతు మెల్లగా పక్కకు జారి ముక్కుతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"నా సేతి పనే ఇది" అంది ఆమె, ఆకుపచ్చ చుక్కలు చూపిస్తూ. "మంచి పెట్టే. కానీ నిలబడదు. గుట్ట మీద ఎవురు కూకుని తిప్పతారు? వద్దు."

తన చేతులతో చేసిన దాన్ని ఒక మనిషి అంత నెమ్మదిగా పక్కన పెట్టడం గిరిధరరావు అంతకుముందు చూడలేదు. మరి ఏం చేద్దామని అడిగాడు.

ఆమె సొరుగు లాగి ఒక అగ్గిపెట్టె తీసింది. లోపల దూది మీద బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద ఫిల్టర్లు, ఒక్కోదానికి మూడు కాళ్లు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు చెత్తబుట్టలోంచి ఏరుకున్నవి. వచ్చే స్టేషన్‌ను ఇవే జల్లెడ పడతాయి. జల్లెడ కన్ను ఎంత సన్ననైతే పక్క స్టేషన్ అంత బయట ఉంటుంది. ఒకదానికొకటి సరిగ్గా కుదరాలి, లేకపోతే గొంతు వంకరపోతుంది. వాటిలో నెత్తిన ఎర్రచుక్క ఉన్నవే మూడు ఏరింది వల్లీ. దొరలోని పాత ఫిల్టర్లు మూడూ పీకి ఇవి పెడతానంది. ఎండిపోయిన కెపాసిటర్లు కూడా మార్చాలంది. గిరిధరరావు చేతి గడియారం చూశాడు. పదకొండు దాటింది.

చేతులు కదలడం మొదలయ్యాక ఆమె వయసు తెలియలేదు. ఐరన్ మొన తాకగానే సీసం మెరిసి కరిగేది, కాళ్లు వాటంతటవే వదిలేసినట్టు ఫిల్టర్ ఊడి వచ్చేది. గిరిధరరావు కొత్త కెపాసిటర్లు అందించాడు. కప్పు మీద ప్రెగ్గీ ఎండకు తువ్వాలు తలకు చుట్టుకుని అరటిపండు తింటున్నాడు. ఇంటి దగ్గర్నుంచి అతని భార్య ఆడ్రీ రెండుసార్లు ఫోన్ చేసింది, సాయంత్రం చుట్టాలొస్తారు, మాంసం ఎవరు వండుతారని. మూడోసారి మోగినప్పుడు వల్లీ తనే ఎత్తి, ఈరోజు రాలేనని చెప్పి పెట్టేసింది. మళ్లీ ఐరన్ పట్టుకుంది.

పన్నెండున్నరకు స్విచ్ వేశారు. డప్పులు లేవు. మూడు గీతల అవతలి స్టేషన్ ఉందా లేదా అన్నట్టు మాయమైంది. గిరిధరరావు చప్పట్లు కొట్టబోయి ఆగాడు, వల్లీ తల అడ్డంగా ఊపుతోంది గనక. చదువుతున్న మనిషి నోటికి ఎవరో గుడ్డ కట్టినట్టుంది. పలుకులు ఉన్నాయి, వాటి అంచులు లేవు. సకారాలన్నీ నలిగిపోతున్నాయి.

"మరీ సన్నం అయిపోయినాది జల్లెడ. పిండి కూడా రాటం లేదు. ఒకటి తీసి పెద్ద కన్నుది పెట్టాల."

పాతవి మూడూ నీలిచుక్కవి. ఎర్రవాటితో కుదరవు. పెద్ద కన్ను ఉండి, ఎర్రచుక్క కూడా ఉన్నది కావాలి. అగ్గిపెట్టె మొత్తం దూది మీద బోర్లించినా దొరకలేదు. ఊళ్లో ఇంకే కొట్టులోనూ దొరకదు. గిరిధరరావు గోడకు ఆనుకున్నాడు. వల్లీ తన ఫ్యాక్టరీ పెట్టెను దగ్గరికి లాక్కుని, భూతద్దం దించుకుని, లోపలున్న ఒకే ఒక్క ఫిల్టర్ నెత్తి చూసింది. చుక్క ఎర్రగా ఉంది, కన్ను పెద్దదే. ఇరవై ఒక్కేళ్లు మోగిన పెట్టె ఇక మోగదని తెలిసే, ఐరన్ మొన దాని కాళ్ల మీద పెట్టింది.

దాన్ని దొరలో అతికేసరికి ఒంటిగంట దాటింది. ఇప్పుడు కాయిల్స్ తిప్పాలి. అల్లికసూదిని ఆకురాయితో అరగదీసి చేసుకున్న పుల్ల ఆమె కోటు జేబులోనే ఉంటుంది. మీటర్ వైపు చూడమని గిరిధరరావు అంటే ఆమె వినలేదు. తల పక్కకు వంచి, కళ్లు మూసి, పుల్లను అటొక వెంట్రుక, ఇటొక వెంట్రుక తిప్పింది. గొంతు దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, గదిలోకి వచ్చేసింది. స్టీరియో దీపం ఎర్రగా వెలిగి నిలిచిపోయింది. ఆమె పుల్ల తీసేసింది. అప్పుడు మీటర్ చూస్తే ముల్లు నట్టనడుమ ఉంది.

రెండుంపావుకు గంట మొదలుపెట్టారు. ప్రెగ్గీ కూడా దిగొచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు. రెడ్‌హిల్ నుంచి ఇందాకటి ఆడగొంతు చావు కబుర్లు చదువుతోంది. అవోకాలో ఫలానా, ఫీనిక్స్‌లో ఫలానా, అంత్యక్రియలు రేపు పదింటికి. పేరు తర్వాత పేరు, ప్రతి అక్షరం కడిగిన గాజులా వస్తోంది. ఇంగ్లీషు అయిపోయి జులూ మొదలయ్యే ముందు చిన్న విరామం. ఆ విరామంలో స్పీకర్లలోంచి సన్నటి గలగల వినిపించింది.

వల్లీ గిరిధరరావు చెయ్యి పట్టుకుంది. "ఇన్నావా? కాగితం తిప్పినాది."

అతనూ విన్నాడు. డెబ్బై కిలోమీటర్లు, మధ్యలో చెరకు, పొగ, రెండు నదులు, మూడు గీతల అవతల అరుస్తున్న సర్కారు స్టేషన్. వాటన్నిటినీ దాటి ఒక కాగితం చప్పుడు వచ్చింది.

మూడుంపావుకు అతను ఫోన్ చేశాడు. అవతల ఏమన్నారో ముఖంలోనే తెలిసిపోయింది. ట్రాన్స్‌మిటర్ డార్నల్‌కే. ప్రెగ్గీ రెండు చేతులూ పైకెత్తి బిగ్గరగా నవ్వి, పిన్నిని నడుం పట్టుకుని నేల మీంచి జానెడు లేపి దించాడు. ఆమె కొంగు సర్దుకుంది. ఒళ్లంతా జ్వరం వచ్చినట్టు వేడిగా, తేలిగ్గా ఉంది. ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లలో ఎన్ని వేల సెట్లు చేసి ఉంటుందో, ఒక్కదానికీ ఇలా లేదు.

దొరను ఇక్కడే ఉంచుతామనీ, బుధవారం గుట్ట మీదికి ఎక్కిస్తామనీ గిరిధరరావు చెప్పాడు. మిగతా రెండూ సర్దుతూ, అదే చేత్తో అన్నట్టు, ఒక మాట అన్నాడు. రెడ్‌హిల్ హాలులో ఇంకా పదకొండు పాత ట్యూనర్లు పోగుపడి ఉన్నాయి. ఇదివరకే ట్రాన్స్‌మిటర్లు ఇచ్చిన ఇలాంటి గుట్టలు ఇంకా నాలుగున్నాయి. ఒక్కోదానికి ఏది పనికొస్తుందో తేల్చి, దాన్ని ఇలా తీర్చిదిద్దే మనిషి కావాలి. జీతం పెద్దదేం కాదు, హాలు వెనక గది ఉంది, కాలేజీ పిల్లలు వచ్చి నేర్చుకుంటారు కూడా.

"ఆలోచించుకోండమ్మా. వచ్చే శనివారం వస్తాను."

వల్లీ చేతిలోని పుల్లను జేబులో పెట్టుకుంది. "ఆలోచిస్తే రాను బాబూ. మాంసం వండాల, రోటీలు కాల్చాల, అదీ ఇదీ తోస్తాది. ఇప్పుడే వొస్తా."

ప్రెగ్గీ నవ్వు ఆగిపోయింది. మొదట హాస్యమనుకున్నాడు. ఆమె ఇంటివైపు నడుస్తుంటే వెంటపడ్డాడు. పెద్ద ఒళ్లు, చిన్నపిల్లాడి ముఖం. "పిన్నీ, నేనేం తప్పు చేశాను?"

"ఏటీ లేదురా. నువ్వు నన్ను బాగా సూసినావు. నీకి రేడియో అంటే ఇష్టం లేదు. నాకి ఇష్టం. అంతే."

ఆడ్రీ కాసేపు మూతి బిగించుకుంది. తర్వాత ఏమనుకుందో, పొద్దుటి రోటీల్లో మిగిలిన ఆరూ ఒక గుడ్డలో కట్టి, మామిడికాయ పచ్చడి సీసాతో సహా కారులో పెట్టింది. ట్రంకుపెట్టె ఒకటే. అది తెచ్చిన రోజు కంటే బరువేమీ పెరగలేదు. వల్లీ ఫిల్టర్ల అగ్గిపెట్టెను మాత్రం ఒళ్లోనే పెట్టుకుంది.

"పోయొస్తా" అంది, వాళ్లమ్మ అనే మాటే. ప్రెగ్గీకి ఆ ఒక్క తెలుగు మాట అర్థమైంది. తల ఊపాడు. చెరకు లారీల వెనకాల టొయోటా దక్షిణానికి మళ్లింది. కారులో ఆమె అప్పుడే అడుగుతోంది, ఆ పదకొండింట్లో ఐదు వరసల రేకులున్నవి ఎన్నని.

ఐదున్నరకు ప్రెగ్గీ కొట్టు కట్టేయడానికి వచ్చాడు. లోపలి గదిలోకి వెళ్లి, ఏం చేయాలో తోచక ఆమె స్టూలు మీద కూర్చోబోయాడు. దాని మీద రెండు డర్బన్ టెలిఫోన్ డైరెక్టరీలు, ఒకదాని మీద ఒకటి పెట్టి సైకిల్ ట్యూబ్‌తో గట్టిగా కట్టి ఉన్నాయి. బల్ల అందడానికి ఆమె వేసుకున్న ఎత్తు అది. అతను కూర్చోలేదు. పై డైరెక్టరీ అట్ట చిరిగి, పేజీలు నున్నగా అరిగి, నడుమ ఒక చిన్న మనిషి కూర్చున్నంత గుంట పడి ఉంది.